మేం అన్యదేశ్యులమా?

2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిందన్నప్పుడు మేమూ సంతోషించాం. ఆ మాట చెబితే చాలామంది మా ముఖం వంక అదోలా చూస్తారు. మీకేం సంబంధం, మీది ఉర్దూ కదా అంటారు. మాది ఉర్దూ కాదు. మాది ఆలమూరు. గౌతమి గట్టు పక్క ఊరు. మా మామ్మ నమాజు అరబ్బీలో చదివేది, దువా తెలుగులో అడిగేది. అల్లాకు తెలుగు రాదేమోనన్న అనుమానం ఆమెకు ఏనాడూ రాలేదు. ఆ అనుమానం మీకెందుకొచ్చింది?

మేం తిట్టుకున్నది తెలుగులో. ఏడ్చింది తెలుగులో. మా ఇళ్ళల్లో పెళ్ళి మాటలు, పొలం తగాదాలు, వడ్డీ లెక్కలు అన్నీ తెలుగులోనే సాగాయి. మాకు తెలిసిన మరో భాష లేదు. అయినా తెలుగు శాఖ మెట్లెక్కిన ప్రతిసారీ మమ్మల్ని చుట్టాల్లా చూస్తారు. మర్యాదగానే కూర్చోబెడతారు, కాఫీ ఇస్తారు. ఎప్పుడు వెళ్ళిపోతారో అన్నట్టు చూస్తారు. సొంతింట్లో చుట్టంగా బతకడం ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాం.

మా కుర్రాడొకడి సంగతి చెబుతాం. పేరు చెప్పం. అతను చదివిన విశ్వవిద్యాలయం పేరూ చెప్పం. ఇది భయం వల్ల కాదు. ఒక్క పేరు చెబితే మిగతావన్నీ తప్పించుకుంటాయి. అతను తెలుగు ఎం.ఏ. చేశాడు. భారతం మూడు కవుల దగ్గరా చదువుకున్నాడు. పరిశోధనకు వెళ్ళి, కోస్తా జిల్లాల పాత దస్తావేజుల్లో, కరణాల లెక్కల్లో తెలుగూ పారశీకమూ ఎట్లా కలిసిపోయాయో పరిశీలిస్తానన్నాడు. పెద్దలు చిరునవ్వు నవ్వారు. "అదంతా ఎందుకు బాబూ, నీకు అనువైన విషయం తీసుకో. ముస్లిం కవుల తెలుగు సేవ అని పెట్టుకో. తొందరగా అయిపోతుంది" అన్నారు.

సేవ! ఈ మాట దగ్గర కాస్త ఆగండి. ఏ బ్రాహ్మణ కవి మీదైనా, ఏ రెడ్డి కవి మీదైనా, ఏ కమ్మ కవి మీదైనా పరిశోధన జరిగితే దాన్ని కవిత్వ పరిశీలన అంటారు. అదే మా వాళ్ళు రాస్తే తెలుగు సేవ. ఇంట్లో వాళ్ళు ఇంటికి సేవ చేశారని ఎవరూ అనరు. బయటి నుంచి వచ్చి పనిచేసి పోయేవాళ్ళనే అంటారు. ఆ ఒక్క మాటతో మీరు భాష కలవాళ్ళయిపోయారు, మేం నౌకర్లమయిపోయాం. సత్కారం చేస్తూనే గడప అవతల నిలబెట్టడమంటే ఇదే.

ఆ కుర్రాడు చివరికి వాళ్ళు చెప్పిన విషయమే తీసుకున్నాడు. పట్టా వచ్చింది. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాడు. నన్నయ నుంచి ఒక్క ప్రశ్న లేదు. తిక్కన నుంచి ఒక్క ప్రశ్న లేదు. ఒకాయన మాత్రం ఎంతో మృదువుగా అడిగాడు: "నువ్వు భారతం పాఠం చెబితే పిల్లలు వింటారంటావా?" అని. అడిగినాయన చెడ్డవాడు కాదు. బాబ్రీ మసీదు కూలినప్పుడు ఖండన ప్రకటన మీద సంతకం పెట్టినవాడే. ఆయన తన మాటగా అడగలేదు, పిల్లల మాటగా అడిగాడు. మన లౌకికవాదానికి ఇదొక సుఖం. తన మనసులో ఉన్నదాన్ని ఎప్పుడూ జనం నోట పెట్టి చెబుతుంది.

మృదువుగా అడిగిన ఆ ప్రశ్ననే కాశీలో గట్టిగా అడిగారు. 2019 నవంబరులో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సంస్కృత విద్యా ధర్మ విజ్ఞాన విభాగంలో ఫిరోజ్ ఖాన్ అనే సంస్కృత పండితుణ్ణి సహాయ ఆచార్యుడిగా నియమించారు. ముస్లిం మాకు సంస్కృతం చెప్పడమేమిటని విద్యార్థులు ధర్నాకు దిగారు. అర్హతల ప్రకారమే ఎంపిక చేశామని యాజమాన్యం చెప్పింది. అయినా ఆయన అక్కడ పాఠం చెప్పలేకపోయాడు. డిసెంబరులో ఆర్ట్స్ విభాగంలోని సంస్కృత శాఖకు వెళ్ళిపోయాడు. ఆయన తండ్రి రమ్జాన్ ఖాన్ రాజస్థాన్‌లో కృష్ణ భజనలు పాడే గాయకుడు. మరుసటి నెలలోనే, 2020 జనవరిలో, ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. చూశారా తమాషా? తండ్రి భజన పాడితే పతకం. కొడుకు వ్యాకరణం చెబితే ధర్నా. మేం పాడొచ్చు, వాయించొచ్చు, భక్తితో తలవంచొచ్చు. అధికారంతో అర్థం మాత్రం చెప్పకూడదు.

మన దగ్గరా అంతే. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగం దాకా వినిపించింది. పొన్నెకల్లు నాజర్ బుర్రకథ తెలుగు పల్లెలన్నీ విన్నాయి. వాళ్ళను తలచుకుని మనమంతా ఒకటేనని ఉపన్యాసాలు ఇస్తారు. వాద్యం చేతికిచ్చినంత తేలిగ్గా కుర్చీ ఇస్తారా అని అడిగితే మాత్రం ఉపన్యాసం ఆగిపోతుంది.

ఇక రెండో గడప సంగతి. ఇది మా వాళ్ళ గడప. దీన్ని దాచి మీ గడప గురించే మాట్లాడితే అది నిజాయితీ కాదు. ఆ కుర్రాడు తెలుగు శాఖలో లాభం లేదని ఉర్దూ, పారశీకం వైపు వెళ్ళాడు. రాత్రుళ్ళు కూర్చుని లిపి నేర్చుకున్నాడు. అక్కడి పెద్దమనిషి అతని నోట రెండు వాక్యాలు విని నవ్వాడు. ఆంధ్రా సాయిబులకు ఖాఫ్ పలకదు అన్నాడు. ఇంటి పేరు అడిగాడు. ఊరి పేరు అడిగాడు. దూదేకులా అన్నాడు. తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అనే సామెత ఎవరు పుట్టించారో గానీ, దాన్ని ఎక్కువ ఆనందంగా వాడింది మా షరీఫులే. నమాజులో భుజం భుజం కలిపి నిలబడతారు. జీతాల పట్టీ దగ్గరికి వచ్చేసరికి సయ్యదు వేరు, షేకు వేరు, నూర్‌బాషా వేరు. మతం మారి కులం వదిలించుకున్నామనుకున్న మా తాత ముత్తాతలను కులం వెనకాలే నడిచి వచ్చి పట్టుకుంది.

తెలుగు శాఖకు మేం చాలినంత తెలుగువాళ్ళం కాదు. పారశీక శాఖకు చాలినంత ముసల్మానులం కాదు. రెండు గడపల మధ్య మా పిల్లలు చెప్పులరగదీస్తున్నారు.

ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది, ఈ ప్రాచీన భాషల శాఖలే ఎందుకు అని అడిగే మిత్రులున్నారు. వాళ్ళకు మా పక్క ఊళ్ళ నుంచే జవాబు చెబుతాం.

ఆలమూరు నుంచి బస్సెక్కితే గంటలో రాజమండ్రి. అక్కడి పెద్ద మసీదులో 1324 నాటి పారశీక శాసనం ఉంది. ఢిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ ఏలుతున్న కాలంలో మసీదు కట్టిన సంగతి అందులో ఉంది. గోదావరి దాటితే కోనసీమలో విలస అనే ఊరుంది. ఆ ఊరిని ప్రోలయ నాయకుడు ఒక బ్రాహ్మణుడికి దానమిస్తూ వేయించిన సంస్కృత తామ్రశాసనం విలస శాసనంగా చరిత్ర పుస్తకాలకు ఎక్కింది. అది 1330 దరిదాపులదని చరిత్రకారుల లెక్క. కాకతి ప్రతాపరుద్రుడు బందీగా పోతూ నర్మద ఒడ్డున చనిపోయాడనీ, ఆ తర్వాత తురుష్కులు గుళ్ళు పడగొట్టారనీ, అగ్రహారాలు లాక్కున్నారనీ, రైతుల పంట ఊడ్చేశారనీ అందులో ఉంది.

ఒకే నది. ఒకే దశాబ్దం. రెండు శాసనాలు. ఒకటి గెలిచినవాడి భాషలో, ఒకటి ఓడి లేచినవాడి భాషలో. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవగలిగిన మనిషిని మన విశ్వవిద్యాలయాలు ఎందుకు తయారు చేయలేదు? సంస్కృతం చదివినాయన విలస శాసనం చదివి తురకల దౌర్జన్యం గురించి పాఠం చెబుతాడు. పారశీకం చదివినాయన మసీదు శాసనం చదివి ఇస్లాం రాక గురించి పాఠం చెబుతాడు. ఇద్దరూ ఒకే ప్రాంగణంలో ఉన్నా ఒకరి గదిలోకి ఒకరు వెళ్ళరు. ప్రభుత్వమూ ఇదే పద్ధతి పెట్టుకుంది. పురావస్తు శాఖలో సంస్కృత, ద్రావిడ శాసనాల కార్యాలయం మైసూరులో ఉంది. అరబ్బీ, పారశీక శాసనాల కార్యాలయం నాగపూరులో ఉంది. గోదావరి ఒడ్డున పక్కపక్కనే పుట్టిన రెండు సాక్ష్యాలను రెండు రాష్ట్రాలకు తరలించి, రెండు వేర్వేరు సంపుటాల్లో అచ్చేశారు. దేశ విభజన 1947లో ఒక్కసారే జరిగిందని ఎవరన్నారు?

రాజమండ్రి మసీదు అంతకు ముందు వేణుగోపాలస్వామి గుడి అని రాసినవాళ్ళున్నారు. అది నిజమైతే నిజమే. మేం దాచేది లేదు. సుల్తాను చేసిన పనికి మేం వకాల్తా పుచ్చుకోం. ఆ సైన్యంతో గుర్రాలెక్కి వచ్చినవాళ్ళు మా తాతలు కారు. మా తాతలు ఆనాడు ఈ గట్టు మీదే దూది ఏకుతున్నారు, మగ్గం నేస్తున్నారు, ఎవడు రాజైనా పన్ను కడుతున్నారు. కానీ విలస శాసనంలో ఉన్న తురుష్కుడికీ, ఆలమూరు సంతలో పరుపులు కుట్టే సాయిబుకూ మధ్య ఉన్న ఏడు వందల ఏళ్ళను ఒక్క వాక్యంతో చెరిపేసే చరిత్రను మేం ఒప్పుకోం.

సింథియా టాల్బట్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1995లో ఆంధ్ర శాసనాల మీద ఒక వ్యాసం రాసింది. యుద్ధం జరుగుతున్న రోజుల్లో శాసనాల్లో తురకల మీద ద్వేషం భగ్గుమన్నదనీ, తర్వాతి కాలంలో చల్లబడిందనీ, అశ్వపతి, గజపతి, నరపతి అంటూ సుల్తానును కూడా రాజుల్లో ఒక రాజుగా లెక్కించారనీ ఆమె చూపించింది. ఆ శాసనాలు మనుషులను తురక, యవన, పారశీక అని జాతి పేర్లతోనే పిలిచాయని కూడా గుర్తుచేసింది. విజయనగర రాజులు తమను తాము హిందూరాయ సురత్రాణులని చెప్పుకున్నారు. సురత్రాణుడంటే సుల్తానే, పంచె కట్టుకున్నాడంతే! ఈ పని మా గోదావరి ఒడ్డున జరగాల్సింది. మన శాఖల్లో జరగాల్సింది. సముద్రం అవతలి నుంచి వచ్చి చేసిపెట్టేదాకా మనవాళ్ళు ఏం చేస్తున్నారు? మాకు సేవ విషయాలు పంచిపెడుతున్నారు.

పరిశోధన అంటే పట్టా కోసం రాసే లావుపాటి పుస్తకం కాదు. ఇవాళ శాఖలో రాసింది రేపు పాఠ్యపుస్తకం అవుతుంది. ఎల్లుండి సినిమా అవుతుంది. ఆ మర్నాడు మా ఇంటి ముందు ఊరేగింపులో నినాదం అవుతుంది. నినాదం మా గుమ్మం దాకా వచ్చాక చేతులు కట్టుకుని, మేం అలాంటివాళ్ళం కాదండీ అని సంజాయిషీ చెప్పుకోవడం మా వల్ల కాదు. మొదటి వాక్యం రాసేచోటనే మేం కూర్చోవాలి. ఇదీ మా పట్టు.

ఇప్పుడు భాష సంగతికి వద్దాం. వ్యాకరణం మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం అని విడదీస్తుంది. సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చి కూర్చున్నది తత్సమం. దానికి పెద్దపీట. పారశీకం నుంచో అరబ్బీ నుంచో వస్తే అన్యదేశ్యం. రెండూ బయటి నుంచి వచ్చినవే. ఒకటి అల్లుడైంది, ఇంకొకటి పరాయిదైంది. రైతు అన్యదేశ్యం. కౌలు అన్యదేశ్యం. హక్కు అన్యదేశ్యం. వసూలు, బాకీ, అసలు, ఖర్చు, జవాబు, రాజీ, జిల్లా, తాలూకా అన్నీ అన్యదేశ్యాలే. ఈ మాటలు తీసేసి కోనసీమలో ఒక్కరోజు వ్యవసాయం చేసి చూపించండి. కొబ్బరి తోట తాకట్టు పెట్టండి చూద్దాం. 2024 జూలైలో మొదలైన రెవిన్యూ సంవత్సరాన్ని ఊళ్ళో లెక్కల్లో ఫసలీ 1434 అని రాశారు. ఆ ఫసలీ అక్బరు కాలం నుంచి నడిచి వచ్చిన లెక్క. రోజూ అన్నం పెట్టే మాటలకు అన్యదేశ్యమని పేరు పెట్టినవాళ్ళు, రోజూ పక్కనే బతికే మనుషులకూ అదే పేరు పెట్టడంలో వింతేముంది?

రాజమండ్రిలో కూడా కొలువు చేసిన సి.పి. బ్రౌను దొరకు ఈ మాటల విలువ తెలిసింది. కచేరీల్లో వాడే ఇలాంటి మాటలతో 1852లో జిల్లా నిఘంటువు, 1854లో మిశ్రభాషా నిఘంటువు తెచ్చాడు. దొరతనం నడపడానికి అవసరమై చేశాడనుకోండి. అయినా చేశాడు. మా కుర్రాడు ఆ పనే ముందుకు తీసుకుపోతానంటే అనువైన విషయం కాదన్నారు.

ప్రాచీన తెలుగు సాహిత్యంలో అచ్చతెనుగు కావ్యానికి గొప్ప గౌరవం ఉంది. ఒక్క తత్సమం కూడా లేకుండా రాసిన మొదటి కావ్యం పొన్నిగంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర. అది ఎవరికి అంకితమైంది? పటాన్‌చెరువులో ఉన్న గోల్కొండ అధికారి అమీన్‌ఖానుకు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఇబ్రహీం కుతుబ్‌షాకు. మల్కిభరాముడని పిలుచుకుని మన కవులు ఆయన్ని పొగిడారు. ఈ సంగతులు తెలుగు శాఖల్లో ప్రతి ఏటా పాఠం చెబుతారు, పరీక్షల్లో ప్రశ్న ఇస్తారు. మేం ఒక్కటే అడుగుతున్నాం. కావ్యం అంకితం పుచ్చుకోవడానికి పనికొచ్చిన పేరు, కావ్యం పాఠం చెప్పి జీతం పుచ్చుకోవడానికి ఎందుకు పనికిరాదు?

మాకు చదువు లేదంటారా? పిఠాపురంలో ఉమర్ ఆలీషా ఉన్నాడు. 1885లో పుట్టి 1945లో పోయాడు. సంస్కృతం, తెలుగు, పారశీకం, అరబ్బీ అన్నీ చదివినవాడు. ఖయ్యామును నేరుగా పారశీకం నుంచి తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. ఇటు దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చుకుని పానశాల రాశాడు. గోదావరి, పెన్న ఒడ్డుల్లో ఒక తరం ముందు వరకూ రెండు గదుల మధ్య తలుపు తెరిచే ఉంది. ఆ తలుపు ఎవరు మూశారు? శాఖలుగా విడగొట్టి, శాఖకో మతం అంటగట్టిన తర్వాతనే మూతపడింది. ఉపనిషత్తులు యూరపు ఎట్లా చేరాయో తెలుసు కదా. 1657లో దారా షికో చేయించిన పారశీక అనువాదమే లాటిన్‌లోకి మారి వాళ్ళ చేతికందింది. వేదాంతం ఓడెక్కింది పారశీకం అనే రేవులోనే. ఆ రేవును మరిచిపోయి వేదాంతం గురించి మాట్లాడేవాళ్ళను పండితులంటున్నాం.

ఇక ఉద్యోగాల లెక్క. మాలో దూదేకులవాళ్ళు బి.సి.–బి. 2007 చట్టంతో మరికొన్ని ముస్లిం సమూహాలు బి.సి.–ఇ అయ్యాయి, నాలుగు శాతం. 2010లో హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద అది నడుస్తోంది. ఇంకొందరు ఏ పట్టికలోనూ లేరు. సరే, నాలుగు శాతం ఉంది కదా అంటారు. కాగితం మీద ఉంది. రాష్ట్ర రోస్టరులో బి.సి.–ఇ కి వచ్చే మొదటి స్థానం పందొమ్మిది. ప్రాచీన భాషల శాఖంటే ఎంతమంది? నలుగురుంటే పెద్ద శాఖ. శాఖనే యూనిటుగా పట్టుకుంటే ఏమవుతుందో వేలు మడిచి లెక్కబెట్టండి. మొదటి నలుగురు నాలుగు స్థానాల్లో చేరతారు. ముప్ఫై ఏళ్ళు పనిచేసి దిగిపోతారు. తర్వాత నలుగురు అయిదు నుంచి ఎనిమిది. అట్లా పందొమ్మిదో స్థానం తలుపు తట్టేసరికి నూట ఇరవై ఏళ్ళు. మా కుర్రాడి మునిమనవడి కొడుకు దరఖాస్తు రాసుకోవాలి!

ఇది మా ఊహ కాదు. 2017లో అలహాబాదు హైకోర్టు శాఖే యూనిటు అని తీర్పు చెప్పింది. 2018 మార్చిలో యు.జి.సి. ఆ మేరకు ఉత్తర్వు వేసింది. చిన్న శాఖల్లో రిజర్వేషను మాయమైపోతుందని దళిత బహుజన అధ్యాపకులు దేశమంతా రోడ్డెక్కారు. చివరికి 2019లో పార్లమెంటు చట్టం చేసి విశ్వవిద్యాలయమే యూనిటు అని దిద్దుకుంది. ఆ చట్టం కేంద్ర సంస్థలకు. రాష్ట్రాల్లో పోరాటం రాష్ట్రాల్లోనే చేయాలి. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల్లో 2023లో మూడు వేలకు పైగా అధ్యాపక పోస్టులకు ప్రకటనలు ఇచ్చారు. అవి కోర్టులో చిక్కుకున్నాయి. ఈ లోగా పాత ఆచార్యులు రిటైరవుతుంటారు. గంటల లెక్కన, ఏడాది ఒప్పందం మీద కొత్తవాళ్ళు వచ్చిపోతుంటారు. ఖాళీ కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టకపోవడం కూడా ఒక రకం ఎంపికే. రోస్టరు అడిగే పని ఉండదు, మేం అడిగే పనీ ఉండదు.

ప్రతిభ చూడాలి గానీ మతం చూడకూడదని లౌకిక మిత్రులు అంటారు. బాగుంది. అయితే ఇంటర్వ్యూలో మా ప్రతిభను అడగండి. మా మతాన్ని అడక్కండి. పిల్లలు వింటారా అని అడిగినరోజు ప్రతిభ ఎక్కడికి పోయింది? ఇంకో మాట కూడా అంటారు, ముస్లింలు ఈ చదువులకు రావడం లేదు కదా అని. తలుపు దగ్గర నిలబడి ఎవరూ లోపలికి రావడం లేదే అని విచారించడం మీకే చెల్లింది.

మా వాళ్ళలో ఇంకో వాదన ఉంది. సంస్కృతం, ప్రాచీన తెలుగు మనకెందుకు, అవి వాళ్ళవి, మన పిల్లలు కంప్యూటర్లు నేర్చుకుంటే చాలు అంటారు. వాళ్ళకు అమెరికా సంగతొకటి చెప్పాలి. విలియం సాండర్స్ స్కార్‌బరో అనే నల్లవాడు 1852లో జార్జియాలో బానిసగా పుట్టాడు. 1881లో గ్రీకు భాషకు పాఠ్యపుస్తకం రాసి అచ్చువేశాడు. గ్రీకు మీ యజమానుల చదువు కదా, నీకెందుకు అని వాళ్ళు అనకపోలేదు. యజమాని దాచిపెట్టుకున్న చదువే ముందు నేర్చుకోవాలని అతనికి తెలుసు. అంబేద్కరుకూ తెలుసు. సంస్కృతం చెప్పనన్న స్కూల్లో పారశీకం తీసుకున్న ఆయన, పట్టుబట్టి తర్వాత సంస్కృతం సాధించాడు. శూద్రులెవరని గ్రంథం రాశాడు. ఆయన పేరు మా జిల్లాకు పెడతామన్నందుకే 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరు కూడా భరించలేనివాళ్ళకు చదువు ఎందుకు అంత భయమో అర్థం చేసుకోండి. గ్రంథం చదవగలిగినవాణ్ణి గ్రంథంతో బెదిరించలేరు.

2020 జాతీయ విద్యా విధానంలో భారతదేశపు ప్రాచీన భాషల వరుసలో తెలుగు, పాళీ, ప్రాకృతాలతో పాటు పారశీకం పేరూ రాశారు. తెలుగు ప్రాచీన అధ్యయన కేంద్రం మైసూరు నుంచి కదిలి 2020లో నెల్లూరు చేరింది. కాగితమూ ఉంది, కట్టడమూ ఉంది. కావలసింది మనుషులు. అందుకే మేం వేడుకోవడం లేదు, అడుగుతున్నాం.

తెలుగు, సంస్కృత శాఖల్లో పారశీకం చదివినవాళ్ళకూ, పారశీక, ఉర్దూ శాఖల్లో తెలుగు చదివినవాళ్ళకూ చోటుండాలి. పాత దస్తావేజులు, ఫర్మానాలు, శాసనాలు రెండు లిపుల్లోనూ చదివే పోస్టులు సృష్టించాలి. కుతుబ్‌షాహీల ఫర్మానాలు ఒకే కాగితం మీద పారశీకంలోనూ తెలుగులోనూ ఉన్నాయి. వాటిని చదవడానికి ఇద్దరు మనుషులు ఎందుకు? విశ్వవిద్యాలయమంతా ఒకే యూనిటుగా రోస్టరు నడపాలి. ఎంపిక సంఘం అడిగిన ప్రతి ప్రశ్నా రాతలో ఉండాలి. పరిశోధకుడి పేరు చూసి విషయం అంటగట్టడం మానాలి. మావాడు పాణిని మీద రాస్తానంటే రాయనివ్వండి. మీవాడు హాఫిజు మీద రాస్తానంటే మేం అడ్డం పడం.

మా జమాతులకూ ఒక మాట. షాదీఖానాకు చందాలు వసూలు చేసినట్టే ఊరికొక పిల్లకో, పిల్లవాడికో ప్రాచీన భాష చదువు చెప్పించండి. ఆ పిల్ల దూదేకుల పిల్లయినా మీ పిల్లే అనుకోండి. ఖాఫ్ పలకలేదని నవ్వకండి. మీ నోట తెలుగులో ఎన్ని అక్షరాలు పలకడం లేదో మేం లెక్కపెట్టడం లేదు.

మా కుర్రాడు ఇప్పుడు ఆలమూరులోనే ఉన్నాడు. ట్యూషన్లు చెబుతాడు. ఎవరింట్లోనైనా పొలం తగాదా వస్తే తాతలనాటి దస్తావేజులు పట్టుకుని అతని దగ్గరికే వస్తారు. కాపులొస్తారు, శెట్టిబలిజలొస్తారు, మాల మాదిగలొస్తారు, అగ్రహారం బ్రాహ్మలూ వస్తారు. చిరుగుల కాగితం వెలుతురులో పెట్టి, ఏ మాట ఎక్కడిదో, ఏ హద్దు ఎవరిదో అతను చదివి చెబుతాడు. నువ్వు చదివితే మేం వింటామా అని ఆలమూరులో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఊరికి లేని సందేహం విశ్వవిద్యాలయానికి ఎందుకో, అది తేల్చుకోవాల్సినవాళ్ళు మేం కాదు.